సిరిసిల్ల నుంచి సూరత్, సూరత్ నుంచి బరంపురం: చుట్టాల ఇళ్ల మీదుగా మా కారు ప్రయాణం

సిరిసిల్ల, బండి తయారీ

మా ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. నేను చేనేత సహకార సంఘంలో లెక్కలు రాసేదాన్ని. మా రెండు వైపుల చుట్టాల్లో సగం మంది ఇప్పుడు సిరిసిల్లలో లేరు. మగ్గం దొరికిన చోటికల్లా వెళ్లారు. నిజాం కాలంలోనే షోలాపూర్ చేరినవాళ్లున్నారు, తర్వాత భివండి, ఆ తర్వాత సూరత్. పెళ్లికైనా చావుకైనా ఇన్నేళ్లూ వాళ్లే వచ్చారు. ఇప్పుడు అక్కడి పెద్దవాళ్లకు మోకాళ్లు సహకరించడం లేదు, రైలెక్కలేరు. ఈసారి మేమే వెళ్తున్నాం. ఇద్దరం నడుపుతాం.

దారి ఇలా అనుకున్నాం. ముందు పడమటికి, సూరత్ దాకా. అక్కడినుంచి వెనక్కి తిరగకుండా 53వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని తూర్పుకు. ఆ రోడ్డు సూరత్ దగ్గర హజీరాలో మొదలై ఒడిశాలోని పారాదీప్ రేవు దాకా పోతుంది. దాని పొడవునా నాగపూర్ పక్కనుంచి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి, ఒడిశాలోని బర్‌గఢ్ తగులుతాయి. రెండు చోట్లా స్నేహితులున్నారు. చివరికి బరంపురం మీదుగా మన కోస్తాలోకి దిగి ఇంటికి.

బండి మా పాత వ్యాగన్ఆర్, 2016ది. ముందు కూలెంట్, ఆయిల్, గాలి ఫిల్టర్ మార్చారు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కదా, పాత బండ్ల రబ్బరు ముక్కలు దానికి తట్టుకుంటాయో లేదోనని పెట్రోలు పైపులన్నీ విప్పి చూశారు. ఒకటి గట్టిపడి పగుళ్లు కనిపించింది, దాన్ని మార్చారు. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు ఇంకొంత కాలం వస్తాయట. ఘాట్ రోడ్లు దిగాక మళ్లీ చూడాలని నోట్‌బుక్‌లో రాశాను.

ఎక్కువ పని పట్టింది వెనక భాగానికి. వెనక సీటు మడిచి, దాని మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక వేశాం. రెండు ముక్కలు, మధ్యలో కబ్జాలు. ముందు సీట్లు జరిపితే ఇద్దరం కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. పలక కింద డబ్బాలు. బండికి ఎక్కడా రంధ్రం పెట్టలేదు, సీటు బోల్టు విప్పలేదు. పలక బయటికి తీస్తే బండి మళ్లీ మామూలు బండే. డబ్బాలను బెల్టులతో గట్టిగా బిగించారు. సడన్ బ్రేకు పడితే పది కిలోల పచ్చడి జాడీ వచ్చి తల వెనక తగలకూడదని.

"చుట్టాల ఇంటికి పోతూ పరుపు తీసుకపోవుడేందే?" అని పక్కింటి పెద్దమ్మ నొచ్చుకుంది. మగ్గం పనివాళ్ల ఇళ్లు నేను చూసినదాన్ని. ఒక గది, ఒక వంటమూల. రాత్రి షిఫ్టు చేసొచ్చిన మనిషి పగలు నిద్రపోయేది ఆ గదిలోనే. మనం వెళ్లి ఆ చాప ఆక్రమిస్తే ఆయన నిద్ర చెడుతుంది, మళ్లీ రాత్రంతా మగ్గం దగ్గర నిలబడాలి. వాళ్లు ఒక్క మాట అనరు. అందుకే మనమే చూసుకోవాలి.

సామాను: సకినాలు, అరిసెలు, చింతపండు, నిజామాబాద్ పసుపు, మామిడి తొక్కు. అన్నిటికంటే ముఖ్యం మేడారం బంగారం. జనవరి చివర సమ్మక్క సారలమ్మ జాతరకు వెళ్లి తెచ్చిన బెల్లాన్ని చిన్న పొట్లాలుగా కట్టి, ఒక్కో ఇంటి పేరు రాసి పెట్టాను.

టోల్‌కు ఏడాది పాస్ తీసుకున్నాం. మేం తీసుకున్నప్పుడు 3,000 రూపాయలకు 200 టోల్ గేట్లు. సొంత కార్లకు 2025 ఆగస్టు 15 నుంచి ఇస్తున్నారు. ఇంత దూరం పోయేవాళ్లకు చాలా కలిసొస్తుంది. జాతీయ రహదారుల మీదే చెల్లుతుంది కాబట్టి ఫాస్టాగ్‌లో మామూలు డబ్బు కూడా వేసి ఉంచాలి.

షోలాపూర్

హైదరాబాద్ దాటాక సంగారెడ్డి, జహీరాబాద్, హుమ్నాబాద్, నల్‌దుర్గ్. రోడ్డు బాగుంది. చెరకు ట్రాక్టర్లే భయపెడతాయి. క్రషింగ్ సీజన్‌లో రెండేసి ట్రాలీలు తగిలించుకుని వస్తాయి, చాలావాటికి వెనక లైటే ఉండదు. చీకటి పడ్డాక బండి నడపకూడదన్న నియమం మొదటి రోజే గట్టిపడింది.

మా వదిన, అంటే మా ఆయన పెద్దక్క, కుంభారి దగ్గర బీడీ కార్మికుల కాలనీలో ఉంటుంది. ఆడం నర్సయ్య నాయకత్వంలో కార్మికులు ఏళ్ల తరబడి పోరాడి సాధించుకున్న పదివేల ఇళ్ల కాలనీ అది, 2006లో చేతికందింది. వదిన ఇల్లు చిన్నదే. కానీ కాగితం ఆమె పేరు మీదుంది. వెళ్లగానే ముందు ఆ కాగితమే చూపించింది, తర్వాతే మంచినీళ్లిచ్చింది.

వదిన ఒళ్లో చేట, చేటలో తునికాకు, తంబాకు. మాట్లాడుతూనే ఆకు కత్తిరించి, చుట్టి, దారం కడుతుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన. నేను కూడా చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న పనే. ఆమె వద్దంటున్నా కట్టలు కట్టడానికి కూర్చున్నాను. పని ఆపించి మాట్లాడించడం కంటే పనిలో కూర్చుని మాట్లాడడమే ఇద్దరికీ హాయి.

మధ్యాహ్నం పాత పెట్టె తీయించాను. ఈ ప్రయాణంలో నేను పెట్టుకున్న రెండో పని ఇది: ప్రతి ఇంట్లో పాత ఫోటోలను ఫోన్‌లో తీసుకోవడం. ఫ్లాష్ వేయకుండా, గుమ్మం దగ్గర నీడలో, తెల్ల గుడ్డ మీద పరిచి తీస్తే మెరుపు రాదు. వదిన దగ్గర మా మామగారి తండ్రి ఫోటో దొరికింది. సిరిసిల్ల ఇంటి ముందు, గుంట మగ్గం కనబడేలా తలుపులు తీసి, అందరూ వరుసగా నిలబడ్డారు. చివరన చంకలో పిల్లాడితో ఒక ఆడమనిషి ఉంది. "గామె ఎవరో నాకు తెల్వది పిల్లా" అంది వదిన. మా ఆయనకూ తెలియదు.

సాయంత్రం మార్కండేయ గుడికి వెళ్లాం. శ్రావణ పౌర్ణమికి ఇక్కడ రథం లాగుతారు, ఊరిలోని పద్మశాలీలంతా కదిలొస్తారు. గుడి ఆవరణలో మరాఠీ ఎంత వినిపించిందో తెలుగూ అంతే వినిపించింది.

ఇక్కడ దింపినవి: పసుపు, తొక్కు, బంగారం. ఎక్కినవి: భివండికి, సూరత్‌కు షోలాపూర్ దుప్పట్లు, పల్లీ చట్నీ పొడి. దుప్పట్లు బరువే. వెనక టైర్లలో గాలి కొంచెం పెంచారు. తలుపు దగ్గర అంటించిన స్టిక్కరులో నిండు బరువుకు ఎంత ఉండాలో రాసి ఉంటుంది, దాని ప్రకారమే.

భివండి

భిగ్వన్ దగ్గర ఉజని జలాశయం అంచున ఫ్లెమింగోలు కనిపించాయి, కాసేపు ఆగాం. పుణే–ముంబై ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద ఏడాది పాస్ చెల్లదు, మామూలు టోల్ పడింది.

భివండిలో పద్మనగర్ అంటే సగం కరీంనగర్ జిల్లా. మా మేనబావ సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటల షిఫ్టు చేస్తాడు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. మేం ముందే ఫోన్ చేసి కనుక్కున్నాం కాబట్టి ఆయన నిద్రలేచే వేళకు చేరాం. రాత్రి ఆయన పనికి వెళ్లాక మేం ఆ వీధిలోనే బండిలో పడుకున్నాం. ప్లైవుడ్ పలక మీద మొదటి రాత్రి అది. సన్నని దూది పరుపు చాలింది. కిటికీలకు దోమతెర గుడ్డ అయస్కాంతాలతో అంటించాం, అది మాత్రం అర్ధరాత్రి ఊడింది. క్లిప్పులు పెట్టాలి.

పొద్దున బావ తను పనిచేసే కార్ఖానా చూపించాడు. సాంచాల చప్పుడులో మాట వినబడదు, సైగలే. చుట్టూ చూస్తే మగ్గాల షెడ్లు పడగొట్టి పెద్ద పెద్ద గోదాములు కడుతున్నారు. ఆన్‌లైన్‌లో అమ్మే సరుకంతా ఇక్కడే దిగుతుందట. బావ కొడుకు అలాంటి గోదాములోనే పని చేస్తున్నాడు. బావకు దాని గురించి బాధేమీ లేదు. "వాని చెవులన్న మంచిగుంటయి" అన్నాడు. బావకు ఎడమ చెవి వినబడదు.

ఇక్కడ ఎక్కింది: కుట్టుమిషన్ తల ఒకటి, సూరత్‌లో మా తమ్ముడి కూతురికి. పన్నెండు కిలోల దాకా ఉంటుంది. ముందు సీటు వెనకాల, కింద నేల మీద పెట్టి బిగించారు. బరువు ఎంత కిందికి ఉంటే బండి అంత నిలకడగా ఉంటుందని ఆయన పట్టుదల.

సూరత్

వాడా మీదుగా మనోర్ వెళ్లే దారిలో గుంత అంచు తగిలి ఎడమ వెనక టైరు పక్కగోడ కోసుకుపోయింది. మా దగ్గర పంక్చర్ కిట్ ఉంది, కానీ అది రోడ్డుకు ఆనే భాగానికే. పక్కగోడ తెగితే అతుకు వేయకూడదు, వేసినా నిలవదు. స్టెప్నీ వేసుకుని వాపి దాకా నెమ్మదిగా వెళ్లి, వెనక రెండూ కొత్తవి వేయించాం. ఒక వైపు కొత్తది, ఒక వైపు అరిగినది ఉంటే బండి తడి రోడ్డు మీద ఒకవైపుకు లాగుతుంది. ఖర్చు లెక్కలో లేనిదే, అయినా చేయాల్సిందే.

తమ్ముడి ఇల్లు లింబాయత్‌లో. మగ్గం కార్మికుడిగా వచ్చి, ఇప్పుడు వాటర్‌జెట్ మగ్గాలు రిపేరు చేసే పని నేర్చుకున్నాడు. వాటిలో నాడె (షటిల్) ఉండదు, సన్నని నీటి ధార పేక (అడ్డ) దారాన్ని పడుగు (నిలువు దారాలు) లోంచి అవతలికి తీసుకుపోతుంది. పాలిస్టర్ నీళ్లు పీల్చదు కాబట్టి సరిపోతుంది, పత్తి నూలుకు పనికిరాదు. మా ఆయనకూ తమ్ముడికీ పంపు ప్రెషర్ గురించి మాటలు మొదలైతే అన్నం చల్లారిపోయింది.

తమ్ముడి మనవడు మున్సిపల్ కార్పొరేషన్ నడిపే తెలుగు మీడియం బడిలో చదువుతున్నాడు. సూరత్ కార్పొరేషన్ గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. పొట్టకూటికి వచ్చినవాళ్ల పిల్లలకు వాళ్ల భాషలో పలక పట్టించే ఊరి మీద నాకు గౌరవం పెరిగింది. వాడు నా నోట్‌బుక్‌లో దారిలో వచ్చిన ఊళ్ల పేర్లన్నీ తెలుగులో రాసిచ్చాడు. ఒత్తులు తప్పలేదు.

అసలు సంగతి ఫోటోది. తమ్ముడి అత్తగారికి ఎనభై ఏళ్లు దాటాయి. ఆమెదీ సిరిసిల్లలో మా వాడకట్టే. ఫోన్‌లో ఫోటో పెద్దది చేసి చూపిస్తే ఒక్క క్షణం ఆగలేదు. "గామె మా చిన్నవ్వ గదా! చంకల పిలగాడు పెద్దోడు. కరువుల బొంబాయి దిక్కు పోయిన్రు, మల్ల రాలే" అంది. వెంటనే షోలాపూర్‌కు ఫోన్ కలిపాను. వదిన, ఆమె గంట సేపు మాట్లాడుకున్నారు. పెళ్లికి ముందు ఒకే బావి దగ్గర నీళ్లు తోడినవాళ్లు, ఇన్నేళ్లలో ఒక్కసారీ మాట్లాడుకోలేదు. భివండి బావ కూడా వెతకడం మొదలుపెట్టాడు. మర్నాడు సాయంత్రానికి అతని దగ్గరినుంచి కబురొచ్చింది: ఆ చంకలో పిల్లాడి మనవడు పద్మనగర్‌లోనే ఉన్నాడు, బావ ఇంటికి రెండు వీధుల అవతల!

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఒకే ఊరినుంచి వెళ్లి, ఒకే పేటలో ఉండి, ఒకరికొకరు ఏమవుతారో తెలియకుండా బతుకుతున్నారు. అది కలిపేది పెద్దవాళ్ల జ్ఞాపకమే, వాళ్లు ఉండగానే ఎవరో ఒకరు ఆ ఇంటినుంచి ఈ ఇంటికి తిరగాలి.

చలికాలం చివర కాబట్టి పోంక్ దొరికింది, మన ఊచబియ్యమే. సన్నని సేవ్, నిమ్మకాయతో తింటారిక్కడ. బయలుదేరే ముందు ట్యాంకు నింపుకోవాలని రాసి పెట్టుకున్నాను. గుజరాత్‌లో పెట్రోలు మన దగ్గరకంటే లీటరుకు పది రూపాయలకు పైనే తక్కువ.

షేగావ్, నాగపూర్

సోన్‌గఢ్, నవాపూర్, ధూలే, జల్‌గావ్ అరటి తోటలు. ఖామ్‌గావ్ దగ్గర పక్కకు తిరిగి షేగావ్‌లో గజానన్ మహారాజ్ భక్త నివాస్‌లో పడుకున్నాం. అక్కడి శుభ్రత చూసి నేర్చుకోవాల్సిందే. అకోలా–అమరావతి మధ్య 75 కిలోమీటర్ల తారు 2022 జూన్‌లో నాలుగున్నర రోజుల్లోపే వేసి గిన్నిస్‌లోకి ఎక్కారు. దాని మీద నేనే నడిపాను. నాగపూర్‌లో ఆగలేదు.

భిలాయి

మా ఆయన ఐటీఐ స్నేహితుడు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరై రిసాలిలో ఇల్లు కట్టుకున్నాడు. సోవియట్ సాయంతో కట్టిన ఆ ప్లాంట్ 1959లో ఉత్పత్తి మొదలుపెట్టింది, అప్పటినుంచీ మన శ్రీకాకుళం, విశాఖవాళ్లు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. 260 మీటర్ల పొడవు రైలు పట్టాలు ఇక్కడినుంచే పోతాయని స్నేహితుడు గర్వంగా చెప్పాడు. గర్వపడాల్సిన పనే.

ఇద్దరూ కలిసి బానెట్ ఎత్తారు. ఆల్టర్నేటర్ బెల్టు పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కీచుమంటోంది. నేను ముందే డబ్బాలో పెట్టించిన కొత్త బెల్టు పనికొచ్చింది. పని అయ్యేలోపు ఆయన భార్య, నేను సెక్టార్ 5 బాలాజీ గుడికి వెళ్లొచ్చాం. "వదినా, మీరు ఇంకో రోజుండాలి" అని ఆమె ఎంత బతిమాలినా, శివరాత్రికి బర్‌గఢ్ చేరతామని మాటిచ్చి ఉన్నాం.

బర్‌గఢ్

ఇక్కడి ఇల్లు నా హాస్టల్ స్నేహితురాలిది. కోఠీ ఉమెన్స్ కాలేజీలో ఒకే గది మాది. ఆమె అత్తవారిది తెనాలి వైపు. 1957లో హీరాకుడ్ ఆనకట్టకు ప్రారంభోత్సవం జరిగి, కాలువ నీళ్లొచ్చాక, కోస్తా రైతులు ఎంతోమంది ఇక్కడికి వచ్చి భూములు కొని వరి పండించారు. ఇప్పుడూ ఈ పక్క ఊళ్లలో తెలుగువాళ్లుండే పేటలున్నాయి. మేం వెళ్లేసరికి కాలువ కింద రెండో పంట నాట్లు సాగుతున్నాయి. ఆమె మామగారు కాలువ గట్టు మీద నిలబెట్టి, ఎక్కడ మొదటి గుడిసె వేసుకున్నారో, ఎవరి ఎడ్లు అరువు తెచ్చుకున్నారో వేలితో చూపించి చెప్పారు. పక్కపొలం ఒడియా రైతు ఇచ్చిన విత్తనంతోనే మొదటి ఏడు గడిచిందట. ఆ మాట ఆయన రెండుసార్లు చెప్పారు. రాసుకొమ్మన్నారు, రాసుకున్నాను.

శివరాత్రికి, ఫిబ్రవరి 15న, సంబల్‌పూర్ అవతల మహానది ఒడ్డున హుమా గుడికి వెళ్లాం. గుడి ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. జనం విపరీతం, బండి చాలా దూరంలో ఆపి నడిచాం. ఉపవాసం విడిచింది స్నేహితురాలి చేతి పెసరట్టుతో. ముప్ఫై ఏళ్ల కబుర్లు ఒక రాత్రిలో అయిపోవు, కానీ నిద్ర లేకుండా నేను బండి నడపకూడదు కాబట్టి మర్నాడు కూడా అక్కడే ఉండిపోయాం. ప్రయాణం ప్లానులో ఖాళీ రోజులు వదలమని ఎవరికైనా గట్టిగా చెప్తాను. రోజుకు ఆరు వందల కిలోమీటర్లు పెట్టుకుని వెళ్లేవాళ్లు చుట్టాల ముఖం చూస్తారు, మాట వినలేరు.

బరంపురం

బర్‌గఢ్‌లో 53వ నంబరు రహదారిని వదిలి దక్షిణానికి తిరిగాం. సోన్‌పూర్, బౌధ్, ఫుల్బాణీ, జి. ఉదయగిరి. తర్వాత కళింగ ఘాట్. దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచి, ఇంజిన్ పట్టుతో దిగాలి, బ్రేకు మీద కాలు అదేపనిగా పెట్టకూడదు. ముందు పోయే లారీ చక్రాల దగ్గర కాలిన వాసన మా బండిలోకి వచ్చింది. కింద టీ కొట్టు దగ్గర ఆగి మా చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశారు, వేడి తక్కువే. అయితే ప్యాడ్లు బాగా అరిగాయి. భంజనగర్, అస్కా దాటి చీకటి పడకముందే బరంపురం చేరాం.

ఇక్కడి స్నేహం చేనేత ఎగ్జిబిషన్లది. మా సంఘం స్టాల్ పక్కనే వీళ్ల పట్టు చీరల స్టాల్ పడేది. కుంభం అంచు బరంపురం పట్టుకు గుర్తింపు. వీళ్లు దేవాంగులు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బయట ఒడియా. మగ్గం గుంటలో దిగి నేను కూడా కాసేపు నేశాను. చేతికి ఇంకా పని గుర్తుంది. వాళ్ల అత్తగారు పక్కన కూర్చుని కండెలు చుడుతూ నా పేక బిగువు సరిచేసింది.

మైలేజీ లెక్క చూస్తే, బరువు ఎక్కువున్న సూరత్ దాకా లీటరుకు 16 దగ్గర ఉంది, డబ్బాలు ఖాళీ అవుతున్న కొద్దీ 18కి వచ్చింది. దోమతెరకు క్లిప్పులు నిలిచాయి. ఇంకా చేయాల్సినవి: విశాఖలో ముందు బ్రేక్ ప్యాడ్లు మార్పించాలి, మా అమ్మాయి అక్కడే ఉంటుంది కాబట్టి ఒక రోజు ఆగినా ఇబ్బంది లేదు. విజయవాడలో చక్రాల అలైన్‌మెంట్ చూపించాలి. బంగారం పొట్లాలు రెండు మిగిలాయి. ఒకటి అమ్మాయికి. రెండోదాని మీద భివండి మనవడి పేరు రాసి ఇక్కడినుంచే పోస్టులో పంపాను, ఫోటో ప్రింటు కూడా అందులోనే పెట్టాను. అతను నిన్న రాత్రి ఫోన్ చేశాడు. దసరాకు సిరిసిల్ల వస్తాడట. ఇంట్లో ఎక్కడ పడుకోబెట్టాలి, ఎవరెవరిని పిలవాలి అని మేం ఇప్పటినుంచే లెక్క వేసుకుంటున్నాం.